పద్ధతి తెలిసినా జవాబు తప్పుతోందంటే తప్పు ఏ మెట్టులో ఉంది?

ప్రశ్న ఇది: సూత్రాలు నోటికి వచ్చు, పుస్తకంలో చేసి చూపిన లెక్క చదివితే అర్థమవుతుంది, సొంతంగా మొదలుపెడితే మాత్రం జవాబు వెనక పేజీలో ఉన్నదానితో కలవదు. ఒకసారి ఒక మూలం తగ్గిపోతుంది, ఇంకోసారి లేని మూలం వచ్చి కూర్చుంటుంది. బీజగణితంలోనూ ఇదే, కలనగణితంలోనూ ఇదే. స్టెప్పులు ఎలా రాస్తే ఇది ఆగుతుంది?

ఇంకో వంద లెక్కలు చేయమని చెప్పను. అదే తప్పును వందసార్లు చేస్తే అది అలవాటుగా స్థిరపడుతుంది. ప్రతి లైను దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఈ సమాసంలో ఆఖరున జరిగిన పని ఏది? కూడికా, గుణకారమా, ఘాతమా, వర్గమూలమా? రెండు, నేను ఇప్పుడు వేసిన మెట్టు వెనక్కి కూడా దిగుతుందా? అంటే పై లైను నిజమైతే కింది లైను, కింది లైను నిజమైతే పై లైను, రెండు వైపులా తప్పనిసరిగా నిజమేనా? మొదటి ప్రశ్న ఎటు పోవాలో చెబుతుంది. రెండోది జవాబులు ఎక్కడ పోతాయో, ఎక్కడ అదనంగా పుడతాయో చెబుతుంది.

ముందు గుర్తుల సంగతి. పుస్తకాల్లో ఎక్స్ అని రాసే చోట ఇక్కడ య అని రాస్తాను, రెండో అక్షరం కావాల్సి వస్తే క. ఇవి నేను పుట్టించినవి కావు. భాస్కరాచార్యుడు తన బీజగణితంలో మొదటి తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, అంటే "ఎంతో అంత". పొట్టిగా యా. రెండోదాన్ని కాలకం అన్నాడు, అంటే నలుపు. పొట్టిగా కా.

సులువుగా కనిపించే లెక్కతో మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

(2య − 1)/3 − (య − 5)/4 = 2

హారాలు 3, 4. క.సా.గు. 12. సమీకరణం మొత్తాన్ని 12తో గుణించాలి. మొత్తం అంటే కుడి పక్కన ఒంటరిగా ఉన్న 2ని కూడా.

4(2య − 1) − 3(య − 5) = 24
8య − 4 − 3య + 15 = 24
5య + 11 = 24
5య = 13
య = 13/5

సరిచూద్దాం. 2య − 1 = 21/5, దాన్ని 3తో భాగిస్తే 7/5. య − 5 = −12/5, దాన్ని 4తో భాగిస్తే −3/5. 7/5 నుంచి −3/5 తీసేస్తే 10/5, అంటే 2. కలిసింది.

ఈ లెక్కలో రెండు గుంటలున్నాయి. భిన్నం గీత కూడా ఒక బ్రాకెట్టే. గీత పోయినప్పుడు బ్రాకెట్ రాయకపోతే −3(య − 5) కాస్తా −3య − 15 అయిపోతుంది, జవాబు 43/5 వస్తుంది. రెండోది, కుడి పక్కన 2ని గుణించడం మరిచిపోతే −9/5 వస్తుంది. అందుకే గుణించిన లైనును బ్రాకెట్లతో సహా ఒకసారి రాసి, విప్పడం తర్వాతి లైనులో చేయండి. రెండు పనులూ ఒకే లైనులో కానిస్తే ఆదా అయ్యేది పది సెకన్లు, పోయేది లెక్క మొత్తం.

"అటు పక్కకు పోతే గుర్తు మారుతుంది" అనే పక్షాంతరం సూత్రం గురించి ఒక మాట. అది తప్పు కాదు, కానీ అసలు పనిని దాచేస్తుంది. −3య = 12 దగ్గర కొందరు య = 12 + 3 అని, కొందరు య = 12/3 అని రాసేది అందుకే. "మైనస్ అటు పోయి ప్లస్ అయింది" అని వాళ్ల లెక్క. నిజానికి ఏదీ ఎక్కడికీ పోదు. రెండు పక్కలా ఒకే పని చేస్తున్నాం. ఇక్కడ య మీద జరిగిన పని −3తో గుణకారం, కాబట్టి రెండు పక్కలా −3తో భాగిస్తాం: య = −4. లెక్క అలవాటయ్యేదాకా కుడి అంచున చిన్నగా "÷ (−3)", "+ 7" అని రాసుకుంటూ పోతే ఈ జబ్బు పోతుంది.

ఇక వర్గ సమీకరణం.

6య² − య − 12 = 0

కారణాంకాల కోసం 6 × (−12) = −72 లబ్ధం, −1 మొత్తం వచ్చే రెండు సంఖ్యలు వెతకాలి. అవి −9, 8. దొరికాయి కాబట్టి సరే. దొరక్కపోతే ఎంతసేపు వెతుకుతారు? ముందే విచక్షణి, అంటే బి² − 4ఎసి, కట్టండి (య² గుణకం ఎ, య గుణకం బి, ఒంటరి సంఖ్య సి): (−1)² − 4·6·(−12) = 1 + 288 = 289 = 17². గుణకాలు పూర్ణాంకాలైనప్పుడు విచక్షణి పరిపూర్ణ వర్గమైతేనే పూర్ణాంక గుణకాలతో కారణాంకాలు దొరుకుతాయి. కాకపోతే వెతకడం ఆపి నేరుగా సూత్రంలోకి వెళ్లడమే.

6య² − 9య + 8య − 12 = 0
3య(2య − 3) + 4(2య − 3) = 0
(2య − 3)(3య + 4) = 0
య = 3/2 లేదా య = −4/3

సరిచూడటానికి రెండు మూలాలనూ సమీకరణంలో పెట్టి కష్టపడక్కర్లేదు. మూలాల మొత్తం 3/2 − 4/3 = 1/6. అది −(−1)/6తో సరిపోయింది. లబ్ధం −2, అది −12/6తో సరిపోయింది. రెండూ కలిస్తే మూలాలు సరైనవే.

సూత్రం వాడేవాళ్లు జారే చోట్లు మూడు. −బి దగ్గర బి = −1 అయితే అది +1. బి² దగ్గర బ్రాకెట్ లేకుండా −1² అని కొడితే చాలా కాలిక్యులేటర్లు −1 ఇస్తాయి, ఎందుకంటే అవి ముందు వర్గం చేసి తర్వాత మైనస్ పెడతాయి. మూడోది, 2ఎతో భాగించేటప్పుడు గీత వర్గమూలం కిందే ఆగిపోయి −బి బయట మిగిలిపోవడం.

వర్గం పూర్తిచేసే పద్ధతిలో భిన్నాలు చికాకు పెడితే ప్రాచీన గణితవేత్త శ్రీధరాచార్యుడి దారి ఉంది: సమీకరణాన్ని 4ఎతో గుణించి, రెండు పక్కలా బి² కలపడం. ఆయన రాసిన బీజగణితం మనకు దొరకలేదు, భాస్కరాచార్యుడిలాంటి తర్వాతి వాళ్లు ఉటంకించడం వల్ల ఈ సూత్రం మిగిలింది. పై సమీకరణానికే వేసి చూడండి. 4 × 6 = 24తో గుణిస్తే

144య² − 24య = 288
144య² − 24య + 1 = 289
(12య − 1)² = 17²
12య − 1 = 17 లేదా −17

12య = 18 లేదా −16, అంటే మళ్లీ 3/2, −4/3. మధ్యలో ఒక్క భిన్నం కూడా రాలేదు. బడి సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ నాలుగు లైన్లలో కనిపిస్తుంది కాబట్టి ఒక్కసారైనా చేతితో చేసి చూడాల్సిన పని ఇది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం, మెట్టు వెనక్కి దిగుతుందా అనేది. కూడటం, తీసేయడం, సున్నా కాని సంఖ్యతో గుణించడం, భాగించడం ఏ భయం లేకుండా వెనక్కి దిగుతాయి. రెండు వైపులా నమ్మకంగా చెల్లనివి ఇవి: తెలియని రాశితో భాగించడం, తెలియని రాశితో గుణించడం, వర్గం చేయడం.

భాగించడం సులువుగా కనిపిస్తుంది. య² = 5య అని ఉంటే రెండు పక్కలా య కొట్టేసి య = 5 అంటారు. 0 పోయింది. "కొట్టేయడం" అంటే భాగించడమే, య సున్నా అయ్యే అవకాశం ఉంటే భాగించే హక్కు లేదు. అంతా ఒక పక్కకు తెచ్చి య(య − 5) = 0 అని రాయాలి.

గుణకారం ఇందుకు తిరగబడ్డ సంగతి.

య/(య − 3) = 3/(య − 3) + 2

రెండు పక్కలా య − 3తో గుణిస్తే య = 3 + 2(య − 3), అంటే య = 3. కానీ య = 3 దగ్గర అసలు సమీకరణంలో హారమే సున్నా. ఈ సమీకరణానికి సాధనే లేదు. హారంలో తెలియని రాశి కనిపించిన వెంటనే, లెక్క మొదలుపెట్టకముందే, పైన "య ≠ 3" అని రాసేయండి. చివర్లో గుర్తు తెచ్చుకుందాం అనుకుంటే గుర్తు రాదు.

వర్గం చేయడం వల్ల అదనపు మూలం ఎలా పుడుతుందో చూడండి.

√(య + 7) = య − 5
య + 7 = య² − 10య + 25
య² − 11య + 18 = 0
(య − 9)(య − 2) = 0

9 పెడితే ఎడమ 4, కుడి 4. సరే. 2 పెడితే ఎడమ 3, కుడి −3. కుదరదు. మరి ఈ 2 ఎక్కడి నుంచి వచ్చింది? అది −√(య + 7) = య − 5 అనే ఇంకో సమీకరణం మూలం. వర్గం చేశాక రెండు సమీకరణాలూ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి రెండింటి మూలాలూ కలిసి వస్తాయి. వర్గమూలం రుణాత్మకం కాదు కాబట్టి య ≥ 5 అని ముందే రాసుకుంటే 2 అక్కడికక్కడే రాలిపోతుంది.

ఇది నేర్చుకున్నాక చాలామంది ఇంకో అతికి పోతారు: వర్గమూలం లెక్కలో రెండు జవాబులు వస్తే ఒకటి కచ్చితంగా దొంగది అని తీర్మానించేస్తారు. ఈ లెక్క చూడండి.

√(2య + 3) − √(య + 1) = 1

రెండు వర్గమూలాలు ఒకే పక్కన ఉండగా వర్గం చేస్తే మధ్య పదంలో మళ్లీ పెద్ద వర్గమూలం వస్తుంది. ఒకదాన్ని అవతలికి పంపి ఒంటరిని చేయాలి.

√(2య + 3) = 1 + √(య + 1)
2య + 3 = 1 + 2√(య + 1) + య + 1
య + 1 = 2√(య + 1)

రెండో లైనులో 2√(య + 1) పదాన్ని వదిలేసి 1 + య + 1 అని రాయడం ఈ లెక్కల్లో పేరుమోసిన తప్పు. ఇక మూడో లైను దగ్గర చేయి దురద పెడుతుంది: రెండు పక్కలా √(య + 1)తో భాగించేస్తే √(య + 1) = 2, య = 3 అని తేలిపోతుంది కదా! ఆగండి. √(య + 1) = క అనుకుంటే క² = 2క, క = 0 లేదా 2. అంటే య = −1 లేదా 3. య = −1 పెడితే √1 − √0 = 1. కలిసింది. య = 3 పెడితే 3 − 2 = 1. ఇదీ కలిసింది. రెండూ నిజమైన మూలాలే. భాగించినవాళ్లు ఒకటి పోగొట్టుకున్నారు, "ఒకటి దొంగది" అనుకున్నవాళ్లు సరిచూడకుండా ఒకటి కొట్టేశారు. ఊహించి కొట్టేయకండి, పెట్టి చూడండి.

లాగరిథమ్ లెక్కల్లోనూ ఇదే కథ. పదో ఆధారంలో లాగ్ య + లాగ్ (య − 3) = 1 అయితే య² − 3య = 10, మూలాలు 5, −2. లాగ్‌లో రుణ సంఖ్య పెట్టలేం కాబట్టి 5 ఒక్కటే.

అసమీకరణాల్లో గుణించడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుంది, య − 2 ధనమో రుణమో మనకు ముందు తెలియదు.

(య + 1)/(య − 2) ≤ 3

అడ్డగుణకారం చేస్తే య + 1 ≤ 3య − 6, అంటే య ≥ 7/2. సగం జవాబే ఇది. య = 0 పెట్టండి: −1/2 ≤ 3, నిజమే కదా, మరి 0 జవాబులో ఎందుకు లేదు? సరైన దారిలో 3ని ఇటు తెచ్చి ఒకే భిన్నం చేయాలి.

(య + 1 − 3య + 6)/(య − 2) ≤ 0
(7 − 2య)/(య − 2) ≤ 0
(2య − 7)/(య − 2) ≥ 0

మూడో లైనులో −1తో గుణించాం, గుర్తు తిరిగింది. ఇప్పుడు సంఖ్యారేఖ మీద 2, 7/2 గుర్తుపెట్టి మూడు ముక్కల్లోంచి ఒక్కో సంఖ్య పరీక్షించండి. 0 దగ్గర ధనం, 3 దగ్గర రుణం, 4 దగ్గర ధనం. జవాబు య < 2 లేదా య ≥ 7/2. 2 చేరదు, అక్కడ హారం సున్నా. 7/2 చేరుతుంది.

కలనగణితంలోకి వస్తే, అవధుల దగ్గర రెండే హెచ్చరికలు. 0/0 అనేది జవాబు కాదు, "ఇంకా పని మిగిలి ఉంది" అని చెప్పే బోర్డు. (√(య + 4) − 2)/య కి య → 0 అవధి కావాలంటే పైనా కిందా √(య + 4) + 2తో గుణించండి. లవం య అవుతుంది, కింద ఉన్న యతో పోతుంది, 1/(√(య + 4) + 2) మిగులుతుంది, అవధి 1/4. ఇక్కడ య కొట్టేయవచ్చు, ఎందుకంటే అవధిలో య సున్నాకు దగ్గరవుతుందే తప్ప సున్నా కాదు. రెండోది లోపిటాల్ నియమం (లవాన్నీ హారాన్నీ విడివిడిగా అవకలనం చేయడం), 0/0 లేదా అనంతం/అనంతం రూపం వస్తేనే దాని జోలికి వెళ్లాలి. (య² + 1)/(య + 1) కి య → 1 దగ్గర నేరుగా పెడితే 1. రూపం చూడకుండా పైనా కిందా అవకలనం చేస్తే 2 వస్తుంది. తప్పు జవాబు ఇంత నున్నగా వచ్చినప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

అవకలనంలో మొదటి ప్రశ్న మళ్లీ పనికొస్తుంది: ఆఖరి పని ఏది? యకి ఒక విలువ ఇచ్చి చేత్తో లెక్కించేటట్టు ఊహించుకోండి. ఆఖరున చేసే పనికి ఏ నియమమో దానితోనే మొదలుపెట్టాలి.

ఎఫ్(య) = య²(3య + 1)⁵

య = 1 అనుకుంటే, 1² కడతాం, 4⁵ కడతాం, ఆఖరున రెండూ గుణిస్తాం. కాబట్టి ముందు లబ్ధ నియమం. రెండో కారణాంకం లోపలికి వెళ్లాక అక్కడ ఆఖరి పని అయిదో ఘాతం, అక్కడ గొలుసు నియమం.

ఎఫ్′(య) = 2య(3య + 1)⁵ + య²·5(3య + 1)⁴·3

చివర ఉన్న ఆ 3, అంటే లోపలి 3య + 1 అవకలజం, మరిచిపోవడం ఈ పాఠంలో అన్నిటికంటే సాధారణమైన తప్పు. తర్వాత విప్పకండి. ఉమ్మడి కారణాంకం బయటికి తీయండి.

ఎఫ్′(య) = య(3య + 1)⁴[2(3య + 1) + 15య] = య(3య + 1)⁴(21య + 2)

ఇలా ఉంచితే ఎక్కడ సున్నా అవుతుందో చూడగానే తెలుస్తుంది. విప్పేస్తే ఆరో ఘాతం బహుపది మిగిలి, దాన్ని మళ్లీ కారణాంకాలు చేయలేక తల పట్టుకోవాలి.

సరిచూడటానికి కాలిక్యులేటర్ చాలు. సూత్రం ప్రకారం ఎఫ్′(1) = 1 × 256 × 23 = 5888. ఇప్పుడు ఎఫ్(1.001) నుంచి ఎఫ్(0.999) తీసేసి 0.002తో భాగించండి. 5888.02 వస్తుంది. ఆ 3 మరిచిపోయి ఉంటే సూత్రం 3328 ఇచ్చేది, తేడా వెంటనే బయటపడేది. త్రికోణమితి ప్రమేయాలకు ఇదే పరీక్ష చేసేటప్పుడు కాలిక్యులేటర్ రేడియన్లలో ఉండాలి. సైన్ అవకలజం కాస్ అన్నది రేడియన్లలోనే నిజం. డిగ్రీలలో π/180 అనే గుణకం అదనంగా వస్తుంది.

గరిష్ఠ కనిష్ఠ లెక్కల్లో అవకలనం పది శాతం పని. మిగతాదంతా మాటలను సమీకరణాలుగా మార్చడం, యకి ఏ హద్దులున్నాయో కనుక్కోవడం. ఒక లెక్క తీసుకుందాం. పొడవైన గోడను ఒక పక్కగా వాడుకుని, మిగతా మూడు పక్కలకూ 120 మీటర్ల కంచె వేసి దీర్ఘచతురస్రం చేయాలి. వైశాల్యం ఎంత పెద్దది చేయగలం?

గోడకు లంబంగా ఉండే పక్క య అనుకుంటే అలాంటివి రెండు, గోడకు సమాంతరంగా ఉండేది 120 − 2య. వైశాల్యం య(120 − 2య) = 120య − 2య². అవకలజం 120 − 4య, సున్నా అయ్యేది య = 30 దగ్గర. వైశాల్యం 30 × 60 = 1800 చదరపు మీటర్లు. రెండో అవకలజం −4, రుణం, కాబట్టి గరిష్ఠమే.

ఇప్పుడు ఒక్క మాట మారుద్దాం: గోడ పొడవు 40 మీటర్లే, ఆ పక్క గోడను దాటి పోకూడదు. అవకలజం మారలేదు, అది ఇప్పటికీ 30 అనే చెబుతుంది. కానీ య = 30 అయితే గోడ వైపు 60 మీటర్లు కావాలి, అంత గోడ లేదు. షరతు 120 − 2య ≤ 40, అంటే య ≥ 40. రెండో హద్దు య < 60, లేకపోతే అవతలి పక్క మిగలదు. 40 నుంచి 60 వరకు అవకలజం రుణం, వైశాల్యం తగ్గుతూనే పోతుంది. కాబట్టి గరిష్ఠం అంచునే, య = 40 దగ్గర: 40 × 40 = 1600. "అవకలజం సున్నా చేయి" అన్న ఒక్క వాక్యంతో లెక్క చేసేవాళ్లు ఇక్కడ 1800 రాసి వస్తారు. యని ఎంచుకున్న వెంటనే దాని హద్దులు రాయాలి, సున్నా వచ్చిన చోట్లతో పాటు అంచులనూ పరీక్షించాలి.

ఇక సమాకలనం. ఇక్కడ డీయ అంటే మీ పుస్తకంలోని డీఎక్స్. 0 నుంచి 2 వరకు

∫ య/(య² + 1)² డీయ

లోపల య² + 1 ఉంది, దాని అవకలజంలో సగం బయట ఉంది. ఆ జత కనిపించినప్పుడే ప్రతిక్షేపణ. య² + 1 = క అనుకుంటే 2య డీయ = డీక, కాబట్టి య డీయ = డీక/2. హద్దులు కూడా మారాలి: య = 0 అయితే క = 1, య = 2 అయితే క = 5.

½ ∫ క⁻² డీక, 1 నుంచి 5 వరకు
= ½[−1/క], 1 నుంచి 5 వరకు
= ½(−1/5 + 1) = 2/5

హద్దులు మార్చకుండా పాత 0, 2 లనే క స్థానంలో పెడితే 1/0 వస్తుంది. అది అదృష్టం, తప్పు కనీసం అరిచి చెప్పింది. వేరే లెక్కల్లో అరవదు, చక్కటి అంకె ఒకటి ఇచ్చి ఊరుకుంటుంది. ½ మరిచిపోతే 4/5 వస్తుంది, ఇది ఆ నిశ్శబ్దపు రకమే. దీన్ని పట్టుకోవడానికి ఒక అంచనా చాలు. 0, 2 మధ్య ఈ ప్రమేయం అత్యధిక విలువ య = 1/√3 దగ్గర దాదాపు 0.325. వెడల్పు 2. అంటే వైశాల్యం 0.65 దాటే వీలే లేదు. 0.4 లోపల ఉంది, 0.8 బయటపడింది.

ఇదే పరీక్ష ఇంకో చోట ప్రాణం కాపాడుతుంది. −1 నుంచి 1 వరకు 1/య² సమాకలని అడిగితే, [−1/య] కట్టి −1 − 1 = −2 అని రాసేస్తారు. 1/య² ఎక్కడా రుణం కాదు, దాని కింద వైశాల్యం −2 ఎలా అవుతుంది? మధ్యలో య = 0 దగ్గర ప్రమేయం విరిగిపోయింది. హద్దుల విలువలు పెట్టి తీసేసే పద్ధతి ఆ విరుపు మీదుగా చెల్లదు. ఈ సమాకలని విలువకు పరిమితే లేదు. బీజగణితంలో "య ≠ 3" అని పైన రాసుకున్నాం చూడండి, ఆ అలవాటే ఇక్కడా కావాలి.

హద్దులు లేని సమాకలనిని సరిచూడటం అన్నిటికంటే తేలిక: జవాబును అవకలనం చేసి చూడటమే. విభాగ సమాకలనంతో ∫ య కాస్ య డీయ = య సైన్ య + కాస్ య + స్థిరాంకం అని వస్తే, అవకలనం చేయండి: సైన్ య + య కాస్ య − సైన్ య. మొదటిది, మూడోది పోయి య కాస్ య మిగిలింది. కాస్ ముందు గుర్తు తప్పి ఉంటే ఇక్కడ 2 సైన్ య మిగిలిపోయేది.

రాసే తీరు గురించి క్లుప్తంగా. లైనుకు ఒక్క సమీకరణం. 5 + 3 = 8 × 2 = 16 లాంటి గొలుసులు వద్దు, 5 + 3 ఎప్పటికీ 16 కాదు. సమాసాన్ని సూక్ష్మీకరిస్తున్నప్పుడు = గుర్తు కింద = గుర్తు వరుసగా రావాలి. సమీకరణాన్ని సాధిస్తున్నప్పుడు లైను ముందు = పెట్టకూడదు, అక్కడ ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి వెళ్తున్నాం.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా జవాబు తప్పిందనుకోండి. లెక్కంతా కొట్టేసి మొదటి నుంచి చేయకండి, అదే తప్పు అదే చోట మళ్లీ చేస్తారు. సమాసాలను సూక్ష్మీకరించే లెక్కయితే యకి 3 లాంటి ఒక విలువ ఇచ్చి ప్రతి లైను విలువా కట్టండి. విలువ ఎక్కడ మారిందో ఆ మెట్టే తప్పు. 0, 1 మాత్రం వద్దు, అవి తప్పులను దాచిపెడతాయి. 1² కి 1³ కి తేడా తెలియదు, య = 0 పెడితే (య + 2)², య² + 4 రెండూ ఒకటే.

సమీకరణం లెక్కయితే మీ తప్పు జవాబునే పనికి పెట్టండి. దాన్ని కింద నుంచి పైకి ఒక్కో లైనులో పెట్టుకుంటూ రండి. చివరి లైనులో అది సరిపోతుంది, మొదటి లైనులో సరిపోదు. మధ్యలో ఎక్కడో చెడాలి. మొదటి లెక్కలో 43/5 వచ్చినవాళ్ల కాగితం ఇలా ఉంటుంది.

4(2య − 1) − 3(య − 5) = 24
8య − 4 − 3య − 15 = 24
5య − 19 = 24
5య = 43

కింద నుంచి: 5 × 43/5 = 43, సరే. 43 − 19 = 24, సరే. రెండో లైను కూడా అదే సంగతి, సరే. మొదటి లైనుకు వచ్చాక 2య − 1 = 81/5, య − 5 = 18/5, కాబట్టి (324 − 54)/5 = 54. ఉండాల్సింది 24. కాబట్టి తప్పు మొదటి లైనుకూ రెండో లైనుకూ మధ్య ఉంది. మిగతా లైన్ల జోలికి పోకుండా ఆ ఒక్క బ్రాకెట్ చూస్తే చాలు, −3 × −5 దగ్గర +15 బదులు −15 కనిపిస్తుంది.